మూడు చేతులు మారిన మారుతి

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. చీరల విషయంలోనూ, కోడళ్ల విషయంలోనూ ఆ మాట ఎంతవరకు నిజమో గాని, కార్ల దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. కనీసం ఒక్క కారు దగ్గర బొత్తిగా ఒప్పుకోను. ఆ కారు మారుతి 800.

అది మంచి కారా కాదా అని అడిగితే మగవాళ్లు టక్కున మైలేజీ లెక్క చెబుతారు. నేనైతే ఎదురు ప్రశ్న వేస్తాను: ఎవరి చేతిలో ఉన్నప్పుడు? షోరూములో కుంకుమబొట్టు పెట్టించుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కి బయటికి వచ్చినప్పుడా? పదేళ్ల తర్వాత రెండో ఇంటి ముందు నిలబడినప్పుడా? మరో ఐదేళ్లకి మూడో ఇంటికి చేరినప్పుడా? వస్తువు మంచిచెడ్డలు కొన్న రోజున తెలిసేవి కావు. ఇత్తడి గుండిగ అమ్మమ్మ దగ్గరి నుంచి అమ్మకీ, అమ్మ దగ్గరి నుంచి మనకీ వచ్చి, సొట్టలు తీయించుకుని, కళాయి పూయించుకుని, ఇంకా పెళ్లివంటకు పనికొస్తూంటే అప్పుడంటాం, ‘వస్తువంటే అదీ’ అని. మారుతి చరిత్రని కూడా అలా చేతులు మారిన వరసలోనే చూడాలని నా ఉద్దేశం.

ముందు కాస్త వెనక్కి వెళదాం. స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం మన దేశంలో కారంటే మూడే పేర్లు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో చేసే అంబాసిడరు, బొంబాయిలో చేసే ఫియట్ (తర్వాత దానికే ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు), మద్రాసులో చేసే స్టాండర్డ్ హెరాల్డ్. ఏ కంపెనీ ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది. అంచేత కావలసినవాళ్లు ఎక్కువ, కార్లు తక్కువ. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పిల్ల పుట్టిన ఏడాది కారుకి డబ్బు కడితే బడిలో వేసే వేళకి వస్తుందని హాస్యమాడుకునేవారు.

ఆ కార్లలో ఆడవాళ్ల చోటు వెనక సీటు. ఎవరూ వద్దని శాసనం చేయలేదు. బండే అలా ఉండేది. అంబాసిడరు ఆగివున్నప్పుడు స్టీరింగు తిప్పడమంటే మినుములు పోసిన తిరగలి తిప్పినట్టే. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటు బల్లలాగా ఒకటే పొడుగు సీటు. ఐదడుగుల మనిషి అందులో కూర్చుంటే కాలు క్లచ్చి మీదికి పూర్తిగా అందేది కాదు. డాక్టరమ్మలూ, జమీందారీ ఇళ్ల ఆడపడుచులూ కొందరు నడపకపోలేదు. కాని గుమాస్తా గారి భార్య, బడిపంతులమ్మ కారు నడపడం సినిమాలోనే చూడాలి.

చవకగా ఒక చిన్నకారు చేయించాలన్న ఆలోచన మన ప్రభుత్వానికి 1960 ప్రాంతం నుంచీ ఉంది. కమిటీలు కూర్చున్నాయి, లేచాయి. 1971లో సంజయ్ గాంధీ మారుతి లిమిటెడ్ అనే కంపెనీ పెట్టి, పూర్తిగా దేశవాళీ కారు చేస్తానన్నారు. గుర్‌గావ్‌లో స్థలం వచ్చింది, షెడ్లు వచ్చాయి, పార్లమెంటులో గొడవలూ వచ్చాయి. జనం కొనుక్కునే కారు మాత్రం రాలేదు. ఎమర్జెన్సీ తర్వాత ఆ వ్యవహారం మీద జస్టిస్ ఎ.సి. గుప్తా విచారణ కమిషనూ, కంపెనీ మూతపడటమూ జరిగాయి. 1980 జూన్‌లో విమాన ప్రమాదంలో సంజయ్ పోయారు. 1981 ఫిబ్రవరిలో ప్రభుత్వం అదే పేరుతో, అదే స్థలంలో మారుతి ఉద్యోగ్ అని కొత్త సంస్థను రిజిస్టరు చేయించింది. దాన్ని నడిపించే పని బి.హెచ్.ఇ.ఎల్.లో పేరు తెచ్చుకున్న వి. కృష్ణమూర్తికి అప్పగించారు. 1982 అక్టోబరులో జపాను వారి సుజుకీ కంపెనీతో ఒప్పందమైంది. సుజుకీ వాటా అప్పటికి 26 శాతం.

పేరు ఎవరు పెట్టినా బాగా కుదిరింది. మారుతి అంటే ఆంజనేయుడే కదా! లంకలో సీతమ్మను వెతికేటప్పుడు ఆయన రూపం చిన్నది చేసుకున్నాడు. ఈ కారు కూడా అంతే, ఇరుకు సందుల్లో పిల్లిలా దూరింది.

1983లో బుకింగులు తెరిచి పదివేలు డిపాజిట్టు కట్టమన్నారు. ఆ రోజుల్లో చిన్న గుమాస్తాకి అది ఇంచుమించు ఏడాది జీతం. అయినా రెండు నెలల్లోనే లక్షమందికి పైగా కట్టారు. అప్పటికి ఒక్క కారూ రోడ్డు మీదికి రాలేదు సుమండీ! 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళం చెవులు ఇందిరాగాంధీ స్వయంగా ఇచ్చారు. అందుకున్నది మంత్రి కాదు, మిల్లు యజమాని కాదు. ఢిల్లీలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే ఉద్యోగి. లాటరీలో ఆయన పేరు వచ్చింది. ధర ఇంచుమించు యాభై వేలు.

ఇక ఆ మొదటి తరం కారు గుణగణాలు చూద్దాం. జపానులో సుజుకీ వాళ్లు ఆల్టో పేరుతో అమ్ముతున్న చిన్నకారే ఇది. అక్కడి చట్టం ప్రకారం చిన్నకార్ల ఇంజనుకి 550 సీసీ హద్దు. పైదేశాలకు పంపే బండిలో 796 సీసీ ఇంజను పెట్టారు. మనకి వచ్చింది అదే. మూడు సిలిండర్లు, నలభైకి కాస్త తక్కువగా హార్స్‌పవరు, నాలుగు గేర్లు. ఇంజను తిప్పేది ముందు చక్రాలనే. బరువు అంబాసిడరులో సగానికి కాస్త ఎక్కువ. ఇంజనూ దాదాపు సగమే. అంబాసిడరు లీటరుకి తొమ్మిదో పదో కిలోమీటర్లు వెళితే, ఇది పదహారుకి తగ్గేది కాదు. నెమ్మదిగా నడిపితే ఇరవై కూడా ఇచ్చేది. ఉదయం తాళం తిప్పితే కదిలేది. వేసవిలో కనకదుర్గమ్మ కొండెక్కినా కుతకుత ఉడికేది కాదు. ఇవాళ ఇవి గొప్పలుగా తోచవు గాని, బానెట్ ఎత్తి నీళ్లు పోయడమే ప్రయాణంలో ఒక భాగమనుకున్న వాళ్లకి ఇది వింతే.

కొత్తదిగా చూస్తే నూటికి తొంభై మార్కులు వేయాలి. కాని ఒక లోపముంది. ఆ మొదటి కార్లు చాలావరకు జపాను నుంచి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించినవి. అద్దం పగిలినా, దీపం పోయినా ఆ వస్తువు ఖరీదుగానే ఉండేది, దూరం నుంచే రావాలి. అంచేత ఆ తరం బండి మొదటి చేతిలో మహారాణి, మూడో చేతిలో మాత్రం అనాథ.

1986లో రెండో తరం వచ్చింది. మనందరి కళ్లలో మెదిలే మారుతి ఇదే. ముక్కు కాస్త వాలుగా, లోపల మునుపటికంటే విశాలంగా ఉండే ఆ ఆకారం. ఇంజను పాతదే. కాని అసలు మార్పు కంటికి కనిపించనిది. 1985 తర్వాత జపాను యెన్ విలువ గబగబా పెరిగింది. అక్కడి నుంచి తెప్పించే ప్రతి మేకూ ప్రియమైపోయింది. అంచేత ఇక్కడే చేయించుకోవలసిన తొందర వచ్చిపడింది. క్రమంగా ఢిల్లీ, ఫరీదాబాదు, మద్రాసు చుట్టుపక్కల చిన్నా పెద్దా కంపెనీలు సీటు దగ్గర నుంచి సైలెన్సరు దాకా తయారుచేయడం నేర్చుకున్నాయి. అదే ఇంజను ఓమ్ని వ్యానులో కూడా ఉండటంతో స్పేరు పార్టులకి గిరాకీ ఇంకా పెరిగింది. పదేళ్లు తిరిగేసరికి రాజమండ్రిలో, నల్లగొండలో, కర్నూలులో ఆటోమొబైల్ దుకాణానికి వెళ్లి ‘మారుతి క్లచ్‌ప్లేటు’ అంటే, కందిపప్పు తూచినంత తేలిగ్గా ఇచ్చేవారు.

నా దృష్టిలో ఈ కారు చరిత్రలో పెద్ద మలుపు ఇదే. ప్రధానమంత్రి తాళం చెవులిచ్చిన రోజు ఫోటో అందరూ దాచుకున్నారు. సామాను ఊరి కొట్లో దొరికిన రోజుకి ఫోటో లేదు. కాని సామాను దొరికితేనే వస్తువుకి రెండో జన్మ.

మొదట్లో ఈ రెండో జన్మకి కూడా తమాషా ధర ఉండేది. కొత్త కారు కోసం ఏళ్లు ఆగాలి కాబట్టి, లాటరీలో వచ్చిన కారుని ఆర్నెల్లు వాడి అమ్మినా కంపెనీ ధరకంటే ఎక్కువే పలికేది. పుట్టింటి సారెకంటే తిరుగు సారె ఎక్కువైనట్టు! ఆ రోజుల్లో సెకండ్‌హ్యాండ్ మారుతి కూడా కలవారి సొత్తే. 1993లో కార్లకు లైసెన్సుల పద్ధతి ఎత్తేశారు. 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా వరసగా వచ్చాయి. బ్యాంకులు కార్లకు అప్పులివ్వడం మొదలుపెట్టాయి. కలవారు కొత్తవాటి మీదికి వెళ్లారు. వాళ్ల పాత 800లు మెట్టు మెట్టుగా కిందికి దిగి మావంటి వాళ్ల వీధుల్లోకి వచ్చాయి.

మా ఇంటికి వచ్చింది 1991 మోడల్. 1999లో కొన్నాం. కొత్తది రెండు లక్షలు దాటితే, ఇది లక్షకి కాస్త తక్కువలో వచ్చింది. అప్పటి ఆర్‌సీ పుస్తకంలో పేజీలు తిప్పితే బండి జాతకమంతా కనిపించేది. మొదటి పేరు ఒక కంట్రాక్టరు గారిది, రెండోది బదిలీ మీద వెళ్లిపోతున్న బ్యాంకు ఆఫీసరు గారిది, మూడోది మావారిది. అప్పటిదాకా మా నలుగురి ప్రయాణమంతా ఒక్క స్కూటరు మీదే. పెద్దవాడు ముందు నిలబడి, మావారు నడుపుతూ, నేను పక్కకి తిరిగి కూర్చుని ఒళ్లో చంటిదాన్ని పట్టుకుని, వానొస్తే చెట్టు కింద ఆగి. ఆ ఇల్లాలికి, చంటిదానికి తలుపులున్న బండి ఎలాంటిదో కొత్త ధరా పాత ధరా లెక్కలు వేసేవాళ్లకి తెలియదు.

నడపడం నేను నేర్చుకున్నది ఆ బండి మీదే, నలభయ్యో ఏట. దీనికి నా ధైర్యం కారణం కాదు, బండి సాధుగుణం కారణం. సీటు ముందుకి జరుగుతుంది. క్లచ్చి కుట్టుమిషను పెడలులాగ తేలిక. గేరు కర్ర పక్కనే, నేల మీద. బానెట్ పొట్టి కాబట్టి ముందు ఏముందో కనిపిస్తుంది. స్టీరింగుకి పవరు లేకపోయినా బండి బరువే లేదు గనుక తిరుగుతుంది. చీర కుచ్చెళ్లు కొంచెం పైకి దోపుకుంటే చాలు. ఊరూరా డ్రైవింగు స్కూళ్లు పాత 800లనే కొని, పక్క సీటు ముందు ఇంకో బ్రేకు పెడలు బిగించి, ఎర్ర ‘ఎల్’ రాయించాయి. సొట్ట పడితే పెద్దగా బాధ లేదు కాబట్టే పాత బండి. కొత్త కారు తాళాలు భార్య చేతికిచ్చేందుకు వెనకాడిన మగవాళ్లు పాత మారుతి తాళాలు ఇచ్చేశారు. ఈ ఒక్క పని కొత్త కారు వల్ల అయ్యేది కాదు. గీత పడితే పడనీ అనిపించే బండి వల్లనే అయింది.

అలాగని పాత బండిని కళ్లు మూసుకుని కొనమని కాదు. వంకాయల బుట్టలో పుచ్చు ఏరే మనకి ఇది చేతకాని విద్య కాదు. బండిని చల్లగా ఉన్నప్పుడు, ఉదయాన్నే స్టార్టు చేయించాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచాడంటే ఏదో దాస్తున్నాడు. పొగ నీలంగా ఉంటే ఇంజను ఆయిలు తాగుతోంది, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ మింగుతోంది, తెల్లటి పొగ తగ్గకుండా వస్తూంటే రేడియేటరు నీళ్లు లోపలికి పోతున్నాయి. కాళ్ల కింది చాప ఎత్తి చూడాలి. ఈ బండి రేకు పల్చన. అడుగున తుప్పు పడితే రంగుతో దాగదు. మీటరు అంకెను నమ్మకూడదు, పెడల్ రబ్బరు అరుగుదలని నమ్మాలి. ఇంజను నంబరూ, ఛాసిస్ నంబరూ ఆర్‌సీతో సరిచూడాలి. అప్పు మీద కొన్న బండైతే బ్యాంకువారి పత్రమూ, ఫారం 35 తెప్పించుకోవాలి. ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజునే చేయించుకోవాలి. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మన పేరుకి మార్పించుకోవాలి. ఇది వదిలేసిన ఇళ్లలో తర్వాత ప్రమాదం జరిగితే ఏడుపే.

2000లో మూడో దశ వచ్చింది. పొగ గురించిన నిబంధనలు గట్టిపడ్డాయి. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా మానేశారు. కార్బురేటరు స్థానంలో ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే ఎంత పెట్రోలు కావాలో చిన్న కంప్యూటరు లెక్కగట్టి చిమ్ముతుంది. చోకు లాగి, యాక్సిలరేటరు తొక్కి, దణ్ణం పెట్టుకునే ఉదయాలు పోయాయి. కొన్నాళ్లు 45 హార్స్‌పవరుతో, ఐదు గేర్లతో కూడా ఒక రకం అమ్మారు. నడపడానికి అన్నింటిలోకీ హాయైన 800 అదే.

కాని పాత చేతుల సంగతి చూస్తే ఇక్కడో మెలిక ఉంది. కార్బురేటరు బండి ఆగిపోతే రోడ్డు పక్కన కుర్రాడు స్క్రూడ్రైవరుతో, నోటితో ఊది బాగుచేసేవాడు. ఎంపీఎఫ్ఐ బండి తొందరగా ఆగదు, ఆగితే మాత్రం మిషను పెట్టి చూసే వర్క్‌షాపుకే పోవాలి. మొదటిది తరచు జలుబు చేసే పిల్ల, మిరియాల కషాయంతో తగ్గుతుంది. రెండోది ఎప్పుడూ ఆరోగ్యంగా ఉండే పిల్ల, పడకేస్తే స్పెషలిస్టు కావాలి. మొత్తం మీద రెండో పిల్లే నయం.

అదే 2000లో అదే కంపెనీ ఆల్టో తెచ్చింది. నాలుగైదేళ్లలో అమ్మకాల్లో అది అక్కని దాటేసింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా పదమూడు నగరాల్లో ఇంకా కఠినమైన నిబంధనలు వచ్చాయి. వాటికి తగ్గట్టు 800ని మార్చడం దండగనుకుని కంపెనీ ఆ నగరాల్లో అమ్మకం ఆపేసింది. చిన్న ఊళ్లలో ఇంకో నాలుగేళ్లు అమ్మింది. 2014 జనవరి 18న గుర్‌గావ్‌లో తయారీ నిలిచిపోయింది. అన్నీ కలిపి పాతిక లక్షలకు పైగా కార్లు. చిత్రమేమిటంటే, తను వెనక్కి నెట్టేసిన అంబాసిడరు కూడా ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూసింది. తోడికోడళ్లు ఒకే ఏడాది వెళ్లిపోయారు.

ఇంతదాకా మెచ్చుకున్నాను కాబట్టి, మెచ్చుకోలేని సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే కారు మంచిచెడ్డలు చెప్పినట్టు కాదు. మారుతి 800కి ఎయిర్‌బ్యాగన్నది తెలియదు. రేకు పల్చన, బరువు తక్కువ. దాని చవకతనమూ, మైలేజీ, నా చేతికి తేలిగ్గా తిరగడమూ అన్నీ ఆ పల్చదనం నుంచి వచ్చినవే. నగరం వీధుల్లో నలభై వేగంలో అది వరం. జాతీయ రహదారి మీద లారీ ఎదురైతే అదే శాపం. 2014 జనవరిలోనే, అంటే 800 ఆగిపోయిన నెలలోనే, గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే ఐదు చిన్నకార్లను గోడకి గుద్ది పరీక్షించిన ఫలితాలు బయటపెట్టింది. చెల్లెలు ఆల్టో 800తో సహా ఐదింటికీ పెద్దల రక్షణలో సున్నా నక్షత్రాలు. అక్కను ఆ పరీక్షకి పెట్టలేదు. పెడితే మెరుగ్గా వచ్చేదని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ కనిపించదు. కొత్త కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేసింది 2019 జూలైలో. మొదటి మారుతి వచ్చిన ముప్పై అయిదేళ్ల తర్వాత!

ముప్పై ఏళ్లపాటు మనం ఈ కారుని మైలేజీతో కొలిచాం, సామాను ధరతో కొలిచాం, అమ్మితే ఎంత వస్తుందన్న దానితో కొలిచాం. గుద్దుకుంటే లోపలి మనిషి ఏమవుతాడన్న కొలత ఎవరమూ అడగలేదు. బంగారం కొంటే గీటు పెట్టి చూసే ఇల్లాళ్లం, పిల్లల్ని కూర్చోబెట్టే బండికి గీటురాయి ఉందని కూడా మనకి తెలియనివ్వలేదు. స్కూటరు మీద నలుగురికంటే నయం కదా అన్నది నిజమే. నేనూ అదే అనుకునేదాన్ని. కాని ‘దానికంటే నయం’ అన్న మాటతో ఎంతకాలం సరిపెట్టుకోవాలి? చవక అంటే ఎవరో ఏదో వదులుకున్నారన్న మాట. ఏది వదులుకున్నామో తెలిసి వదులుకోవడం వేరు, తెలియక వదులుకోవడం వేరు.

ఇప్పుడు ఎవరైనా పాత 800 కొనమంటారా అని అడిగితే నా జవాబు ఇది. ఆఖరి బండి పుట్టి కూడా దాదాపు పుష్కరకాలం. చాలావాటికి పదిహేనేళ్లు ఎప్పుడో నిండాయి. అది దాటితే రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి. ఆ ఫీజు కేంద్రప్రభుత్వం 2022 ఏప్రిల్ నుంచి ఆరువందల నుంచి ఐదువేలకి పెంచింది. పైన ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ టాక్సు. ఊళ్లో కూరల మార్కెట్‌కి, బడికి, నడక నేర్చుకోవడానికి అయితే 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ బండి, తుప్పు లేనిది, కాగితాలు సరిగా ఉన్నది చూసుకోవచ్చు. హైవే మీద తిరుపతి ప్రయాణానికి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్లడానికి మాత్రం వద్దు. ఆ డబ్బుకి కాస్త కలిపి, ముందు సీట్లకి రెండు ఎయిర్‌బ్యాగులున్న తర్వాతి కాలపు పాత కారు చూసుకోండి. పాతది కొనడం తప్పు కాదు. ఎంత పాతదన్నదే లెక్క.

మా బండిని 2006లో రిజిస్ట్రేషను తిరగరాయించి, ఆ మరుసటేడు పల్లెలో ఉండే ఆర్.ఎం.పి. డాక్టరు గారికి అమ్మేశాం. నాలుగో చేయి అన్నమాట. రాత్రిళ్లు పురిటి నొప్పులు వచ్చిన వాళ్లని పట్నం ఆసుపత్రికి చేర్చడానికి పనికొస్తుందని ఆయన కొన్నారు. మొదటి కంట్రాక్టరు గారు దాన్ని హోదా కోసం కొన్నారు, బ్యాంకు ఆఫీసరు గారు సౌకర్యం కోసం, మేము వాన కోసం, ఆయన ప్రాణం కోసం. కారు పాతబడిన కొద్దీ దానితో పని మాత్రం పెద్దదవుతూ వచ్చింది!

ఢిల్లీలో లాటరీ తగిలిన ఆ మొదటి ఉద్యోగి తన కారుని అమ్మలేదు. 2010లో ఆయన పోయేదాకా అది ఆయనదే. తర్వాత తుప్పుపట్టి పడివున్న దాన్ని కంపెనీవారు బాగుచేయించి తమ ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకి పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది. కాని మారుతి 800 చరిత్ర తెలుసుకోవాలంటే నేనైతే ఆ మెరిసే కారు దగ్గరికి వెళ్లను. ఒకదాని కింద ఒకటి నాలుగు పేర్లున్న, మూలలు నలిగిన ఆర్‌సీ పుస్తకం ఏదైనా దొరికితే దాన్ని చదువుతాను. ఆ పేర్ల కింద కనిపించని పేర్లు ఇంకా ఉంటాయి. తాళాలు అడిగి తీసుకుని, నలభయ్యో ఏట వెనక సీటులోంచి ముందు సీటులోకి మారిన ఆడవాళ్ల పేర్లు. వాటిని ఏ ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ రాసుకోలేదు.